ముప్పావు గిటార్

జూన్ 3

చెల్లీ,

కంగారుపడకు, ఎవరూ పోలేదు. నాలుగేళ్ల కిందట మీ ఆయన పోయినప్పుడు నేను మూడు వాక్యాలు రాశాను, నువ్వు రెండు వాక్యాల జవాబు రాశావు. ఆ లెక్కన ఈ ఉత్తరం ఒక్క వాక్యంలో ముగిసిపోవాలి. ఆ వాక్యం ఇది: నా కూతురి కూతురికి గిటార్ కావాలి.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

గిటార్లు బాగుచేసేవాణ్ని చేసుకుంటానని నువ్వు మొండికేసిన రోజున, "తీగలు లాగి బతికేవాడు నిన్ను నడిమధ్యలో వదిలేస్తాడు" అన్నాను. నలభై రెండేళ్లయినా ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. అతను వదిలెయ్యలేదంటే అది అతని స్వభావం. నా తర్కంలో లోపం లేదు.

పిల్లకి ఎనిమిదేళ్లు. ఒంట్లో సగం కాళ్లే, అందుకని మిడత అంటాను. పైన కూతురు, అల్లుడు, అది ఉంటారు. కింద నా కుట్టు గదిలో నేను, మిషను, పుస్తకాలు. దీని గుణం ఏమిటంటే ఏదీ అడగదు. ఇస్తే పుచ్చుకుంటుంది, లాక్కుంటే ఊరుకుంటుంది. ఇలాంటివాళ్లని లోకం ఏం చేస్తుందో నేను బోలెడు నవలల్లో చదివాను, కొన్ని ఇళ్లల్లో చూశాను కూడా. అలాంటిది మొన్న భోజనాల దగ్గర ప్లేటు పక్కకి జరిపి "నాకు గిటార్ కావాలి" అంది. వాళ్లమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుట్టి ఎనిమిదేళ్లకి ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి "కావాలి" అది. అందుకే ఇది చెడకూడదు.

జూలై ఒకటి నుంచి బడిలో గిటార్ క్లాసు. ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. మా వియ్యంకుడు అప్పుడే రంగంలోకి దిగాడు. "పెద్ద కొట్టుకి తీసుకెళ్దాం బావగారూ, నల్లగా నిగనిగలాడేది ఒకటి కొనిపారేద్దాం" అన్నాడు. ఆయన వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఆయన కట్టిన వంతెన మీద నేను ఇంతవరకు అడుగు పెట్టలేదు.

నేను లైబ్రరీలో గిటార్ల మీద నాలుగువందల పేజీల పుస్తకం చదివాను. ఆ రచయితకి చెక్క గురించి తెలిసినంత, వాక్యం గురించి తెలీదు. చదివి ఒక నిర్ణయానికొచ్చాను: పూర్తి సైజు, ఉక్కు తీగలు, మంచి చెక్క. నీ సలహా అడగడం లేదు. నేను అనుకున్నదే సరైనదని నీ చేత్తో రాసి పంపితే చాలు, వియ్యంకుడికి చూపిస్తాను.

కళ్లజోడు లేకుండా ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తున్న
అన్నయ్య

జూన్ 9

అన్నయ్యా,

నవ్వడానికి రెండు రోజులు పట్టింది. జవాబు ఆలస్యమైంది అందుకే.

నువ్వు అనుకున్నది మూడింటికి మూడూ తప్పు.

నా బల్ల మీద ఇప్పుడు బాగుచెయ్యాల్సిన గిటార్లు మూడున్నాయి. మూడూ పిల్లలవే. మూడూ తాతయ్యలు ముచ్చటపడి కొనిచ్చిన పూర్తి సైజువి. ఒకటి మంచం మీంచి పడింది, ఒకదాని మీద ఎవరో కూర్చున్నారు, మూడోది పిల్లాడే గోడకేసి కొట్టాడు. నాకు ఆ మూడోవాడి మీదే గౌరవం.

విను. ఎనిమిదేళ్ల వేళ్లకి ఉక్కు తీగలు కోతే. నైలాన్ తీగలు పెట్టాలి, మెత్తగా నొక్కుకుంటాయి. అయినా రెండు వారాలు వేళ్ల చివర్లు మండుతాయి, ఆ మాట ముందే చెప్పి పెట్టు. తీగ మెట్టు మీద మరీ ఎత్తుగా ఉండకూడదు. మధ్యలో అట్టముక్క దూరితే చాలు, నా చిటికెన వేలు దూరిందంటే ఆ గిటార్ వంటచెరుకు. చెక్క సంగతి పదేళ్ల తర్వాత మాట్లాడుకుందాం. అన్నిటికంటే ముఖ్యం సైజు. అర, ముప్పావు, పూర్తి అని ఉంటాయి. గిటార్ ఒళ్లో పెట్టుకుంటే చెయ్యి దాని మీదుగా హాయిగా దిగాలి, మెడ చివరన ఉన్న మొదటి మెట్టు ఎడమ చేతికి అందాలి. పిల్లలు సంగీతం రాక మానెయ్యరు, చెయ్యి అందక మానేస్తారు. అందట్లేదని వాళ్లకి తెలీదు, తమకే చేతకావట్లేదనుకుంటారు.

కాబట్టి మూడు కొలతలు పంపు. చెప్పుల్లేకుండా ఎత్తు. భుజం నుంచి మణికట్టు దాకా. జాన, అంటే బొటనవేలు కొస నుంచి చిటికెన వేలు కొస దాకా. ఏ చేత్తో రాస్తుందో కూడా రాయి. కొలవడం నీకు నేర్పాలా?

ఏ చెక్కకి ఏ జిగురో తెలిసిన
నీ చెల్లెలు

జూన్ 13

చెల్లీ,

కొలవడం నాకు నేర్పాలా అని అడిగావు. యాభై ఏళ్లు ఈ ఊరి భుజాలన్నీ కొలిచాను. ఎవడి నడుము ఎప్పుడు పెరిగిందో వాళ్ల పెళ్లాలకంటే ముందు నాకు తెలిసేది. సరే, నీ పొగరు నీది.

పిల్లని బల్ల దగ్గర నిలబెట్టాను.

"నిటారుగా నిలబడవే."

"తాతా, గిటార్‌కి జేబులు కూడా పెడతావా?"

"నోరు మూసుకుని చెయ్యి చాపు."

"నోరు మూసుకుంటే చెయ్యి చాపడం మర్చిపోతా."

ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదు. గిటార్ ఊసెత్తినప్పటినుంచే ఈ వాగుడు.

ఎత్తు యాభై ఒకటిన్నర అంగుళాలు. భుజం నుంచి మణికట్టు పందొమ్మిదిన్నర. జాన ఆరున్నర. కుడి చేత్తో రాస్తుంది. దస్తూరీ వాళ్ల నాన్నది, అంటే చదవడం కష్టం.

ఇక నైలాన్ సంగతి. నేను నైలాన్ చూసినవాణ్ని చెల్లీ. మా వృత్తిని సగం చంపింది అదే, మిగతా సగాన్ని రెడీమేడ్ షర్టులు చంపాయి. అన్న మనవరాలికి ఈపాటిది చాల్లే అనుకుని నైలాన్ అంటున్నావా? అదే అయితే మొహం మీదే చెప్పు. వియ్యంకుడు "బావగారూ, ఉక్కుదాని మోతే వేరు" అంటున్నాడు. ఆయనతో ఏకీభవించాల్సి రావడమే నా వృద్ధాప్యంలో అసలైన జబ్బు.

టేపు మెళ్లోంచి తియ్యని
అన్నయ్య

జూన్ 17

అన్నయ్యా,

ఉక్కు వంతెనకి మంచిది. మీ వియ్యంకుడికి ఆ మాట నా మాటగా చెప్పు.

నీ కొలతలు చూసి ఆశ్చర్యపోయాను. మిడత అంటే సన్నగా, పొట్టిగా ఉంటుందనుకున్నాను. ఎనిమిదేళ్లకి ఆ చెయ్యి బాగా పొడుగే. అర సైజు చాలదు, ముప్పావు కావాలి.

కొట్టులో కొనొద్దు. మా ఆయన ఆఖరి ఏడాదిలో పిల్లల కోసమని రెండు మొదలుపెట్టాడు, ఒక అర, ఒక ముప్పావు. అర సైజుదానికి మెడ అతికించకుండానే పోయాడు. ముప్పావుది పూర్తయింది. దాన్ని పంపుతున్నాను, బస్సు పార్సిల్లో వస్తుంది. నైలాన్ తీగలు వేశాను. తీగ ఎత్తు నీ అంకెల్ని బట్టే సరిచేశాను. ఎవరికీ ఇవ్వకుండా నాలుగేళ్లు ఉంచుకున్నాను కాబట్టి, "ఈపాటిది చాల్లే" అనే మాట నీ దగ్గరే అట్టేపెట్టుకో.

పిల్ల మొదటిసారి ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఏమందో రాయి. సొంత వ్యాఖ్యానం వద్దు.

నీ చెల్లెలు,
చేతికి వార్నిష్ అంటుకుని ఉంది, మరక పడితే ఏమనుకోకు

జూన్ 21

చెల్లీ,

ఏమందో రాయమన్నావుగా. ఏమీ అనలేదు.

పెట్టె విప్పగానే కళ్లు ఇంతింత చేసుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టాం. పిల్ల గిటార్ వెనకాల మాయమైంది. పైన జుట్టు, కింద కాళ్లు. కుడిచెయ్యి భుజం ఎత్తుకి లేపినా తీగల మీదకి దిగలేదు. ఎడమచెయ్యి చాచి చాచి మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఇంకా చాచబోతే గిటార్ అంతా పక్కకి ఒరిగింది. ఒక పావుగంట అలా కుస్తీ పట్టింది. తర్వాత మెల్లగా దించి, పెట్టెలో పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పింది. ఏడ్చినా బాగుండేది.

రాత్రి భోజనాల దగ్గర "అమ్మా, నేను డ్రాయింగ్ క్లాసుకి వెళ్తా" అంది. నిన్నటిదాకా దానికి పెన్సిలంటే పడదు.

వియ్యంకుడు వచ్చి గిటార్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పనితనం బ్రహ్మాండం బావగారూ. ఇక దీనికి తగ్గ పిల్లని వెతకాలి" అన్నాడు.

నేను చిన్నపిల్లాణ్ని కాదు చెల్లీ. మూడు కొలతలు అడిగి, తీసుకుని, వాటితో సంబంధం లేని వస్తువు పంపావు. నా మాటకి జవాబు నలభై రెండేళ్లు కడుపులో దాచుకుని, పెట్టెలో పెట్టి బస్సెక్కించావు. నన్ను దెబ్బకొట్టాలనుకుంటే నన్నే కొట్టాల్సింది. అడగక అడగక ఒక్కటి అడిగిన పిల్ల మీదా నీ ప్రతాపం? ఇలాంటి చెల్లెళ్లని పురాణాల్లో చదివాను, ఇంట్లో చూడాల్సి వస్తుందనుకోలేదు.

ఇంకో పది రోజుల్లో క్లాసు.

అన్నయ్య

జూన్ 23

అన్నయ్యా,

నీ మీద కక్ష తీర్చుకోవాలంటే నాకు ఇంతకంటే తేలిక పద్ధతులున్నాయి. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాయకపోవడం వాటిలో ఒకటి. మా ఆయన చేత్తో చేసిన గిటార్‌ని కక్షకి వాడేంత తిక్క నాకు లేదు. అది నీకే వంశపారంపర్యంగా వచ్చింది, నా వాటా కూడా నువ్వే తీసుకున్నావు.

కక్ష మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. నేను ఇల్లు వదిలిన రోజు నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఒక నీలం కోటు నా పెట్టె మీద పడేశావు. రైలెక్కాక తొడుక్కున్నాను. భుజాల దగ్గర జారిపోయింది, చేతులు వేళ్ల దాకా వచ్చాయి. ఊళ్లో వాళ్లందరికీ అచ్చు గుద్దినట్టు కుట్టేవాడివి, సొంత చెల్లెలికి మాత్రం గోనెసంచి కుట్టావు. అంత కోపమా అనుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయన అడిగితే "ఇప్పుడిదే ఫ్యాషన్" అన్నాను. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరికి కొలత తప్పి పంపారు?

పిల్ల మాట. నీ అంకెలకి ఆ గిటార్ సరిపోయి తీరాలి. సరిపోలేదంటే అంకెలే తప్పు. మళ్లీ కొలిచి అంకెలు రాయకు. దారం పంపు. పిల్ల ఎత్తుకి ఒకటి, చేతికి ఒకటి, జానకి ఒకటి. దారం పిల్ల ఒంటికే ఆనించాలి, పిల్లే కత్తిరించాలి. నువ్వు కత్తెర ముట్టుకోవద్దు, ఆ గదిలోనే ఉండొద్దు.

నీ చెల్లెలు

జూన్ 25

చెల్లీ,

మూడు దారాలు ఇందులో ఉన్నాయి. పిల్లే కత్తిరించింది. నువ్వు చెప్పినట్టే గది బయట నిలబడ్డాను. నా కుట్టు గదిలోంచి నన్ను బయటికి పంపినవాళ్లు ఇంతవరకు లేరు.

కాసేపటికి పిల్ల తలుపు తీసింది. చేతిలో దారం, నా టేపు, ఒక కాగితం. నేను రాసే ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకుంటాను, రేపు ఎవడైనా "నువ్వు అలా అనలేదు" అంటే మొహాన కొట్టడానికి. ఆ కట్టలోంచి పదమూడో తారీకుది లాగింది.

"తాతా, నా చెయ్యి పదిహేడున్నర ఉంది. నువ్వు పందొమ్మిదిన్నర రాశావు."

"పిల్లలకి అంతే రాస్తారు."

"ఎందుకు?"

"పెరుగుతారు కాబట్టి."

"ఒకటో తారీకు లోపల పెరుగుతానా?"

నేను చాలామంది పండితులతో వాదించాను. ఎవరూ నన్ను ఇలా మూలకి నెట్టలేదు.

సంగతి ఇది. పెద్దవాళ్లని ఉన్నంతే కొలుస్తాం. పిల్లల బట్టకి పైన కొంచెం కలుపుతాం. కలపకపోతే ఆర్నెల్లకే తల్లులు వచ్చి మీద పడతారు. యాభై ఏళ్లుగా కలిపి కలిపి, ఏ పిల్లని కొలిచినా టేపు మీద ఇవాళ్టి అంకె నా కంటికి కనబడదు, రేపటిది కనబడుతుంది. చేతికి రెండు, ఎత్తుకి రెండున్నర కలిపాను. కలుపుతున్నానని కూడా తెలీదు. జానకి సైతం ఒక అంగుళం కలిపానంటే ఏమనాలి? జానకి ఎవడైనా చొక్కా కుడతాడా? దీన్ని నేను తప్పు అనను, వృత్తి అంటాను. నువ్వు తప్పు అంటే మాత్రం ఈసారికి వాదించను.

కోటు విషయం. నీకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఎక్కడికి పోతున్నావో తెలీదు, అక్కడ కడుపునిండా తింటావో లేదో తెలీదు, ఆ కోటు చిరిగితే ఇంకోటి ఎవరు కుడతారో అంతకన్నా తెలీదు. ఇంకా పెరుగుతావని కలిపాను. అందులో కోపం లేదు. కోపమే ఉంటే బిగుతుగా కుట్టి పంపేవాణ్ని.

ఐదు రోజులే ఉన్నాయి. పిల్ల డ్రాయింగ్ పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. ఏమైనా చెయ్యగలవా?

అన్నయ్య

జూన్ 27

అన్నయ్యా,

కోటు గురించి ఇప్పుడేమీ రాయను. మొదలుపెడితే రెండు రోజులు పోతాయి, నాకు పనుంది.

దారాలు బల్ల మీద పరిచి చూశాను. అచ్చంగా అర సైజు పిల్ల. గోడకి ఆనించి ఉంచిన అర సైజుదాన్ని దించాను. నాలుగేళ్లుగా దాని మీద దుమ్ము తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. మెడ అతికిస్తే అది ఆయన సగంలో వదిలేసిన పనిగా మిగలదు, అందుకే ముట్టుకోలేదు. ఈ ఉదయం అతికించాను. జిగురు ఆరడానికి రెండు రోజులు. ఎల్లుండి బస్సులో వేస్తాను, ముప్పై సాయంత్రానికి మీ ఊళ్లో ఉంటుంది.

ఈసారి చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పిల్లని పిలిచి ఒళ్లో పెట్టొద్దు. పెట్టె నీ బల్ల మీద విప్పి పెట్టి బయటికి వెళ్లిపో. వాయించమనొద్దు. పుస్తకంలో చదివింది ఒక్క ముక్క కూడా చెప్పొద్దు. కొత్త నైలాన్ తీగలు సాగుతాయి, నాలుగైదు రోజులు శ్రుతి నిలవదు. అది తీగ గుణం, తన తప్పు కాదని ఆ ఒక్క మాట మాత్రం చెప్పు.

ముప్పావుదాన్ని తిరుగు బస్సులో పంపెయ్యి.

నీ చెల్లెలు

జూలై 3

చెల్లీ,

పెట్టె ముప్పయ్యో తారీకు సాయంత్రం వచ్చింది. విప్పి బల్ల మీద పెట్టాను. నువ్వు చెప్పినట్టే బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను, అది గొప్ప పుస్తకమైతే కాదు.

పిల్ల బడినుంచి వచ్చింది. నన్ను చూసింది, లోపలికి చూసింది.

"అది ఎవరిది తాతా?"

"నాకేం తెలుసు? బల్ల మీద ఉంది."

లోపలికి వెళ్లింది. తర్వాత ఒక తీగ మోగింది. మళ్లీ అదే తీగ. మళ్లీ అదే. ముప్పావుగంట ఒక్క తీగే వాయించింది. నేను చదివిన ఏ పుస్తకం ప్రకారమూ దాన్ని సంగీతం అనరు. లోపల్నుంచి "తాతా, అందుతోంది!" అని అరిచింది. శ్రుతి మాట, తీగ గుణం మాట చెప్పాను. "నాకు తెలుసులే" అంది. దానికేం తెలుసు? అయినా ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు, నీకు అలవాటు లేదు.

ఒకటో తారీకున గిటార్ వీపుకి తగిలించుకుని తనే మోసుకెళ్లింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి "నువ్వు ఇక్కడే ఆగు" అంది. సైకిళ్ల షాపు పక్కన ఆగాను. బడి కిటికీల్లోంచి పదకొండు గిటార్లు పదకొండు రకాలుగా మోగుతున్నాయి.

"ఏంటి పెద్దాయనా, ఇంత ఎండలో నిలబడ్డారు?" అన్నాడు షాపతను.

"వింటున్నాను."

"దాన్నా?" అన్నాడు. మంచి చెవి ఉన్నవాడు.

క్లాసు అయ్యాక పిల్ల బయటికొచ్చి నాలుగు వేళ్లు చూపించింది. కొసలు ఎర్రగా కందిపోయాయి.

"మండుతున్నాయా?"

"చాలా."

"మళ్లీ ఎప్పుడు?"

"గురువారం. అప్పటిదాకా ఇంట్లో" అంది. డ్రాయింగ్ పుస్తకం మా వియ్యంకుడికి ఇచ్చేసిందట, వంతెనలు గీసుకోమని.

ఇక ముప్పావు గిటార్ విషయం. అది పంపడం లేదు. నా మంచం కింద ఉంది. నా కొలతలు తప్పన్నావు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అవి తప్పు కాదు, ముందుగా వచ్చాయి, అంతే. మూడేళ్లలో ఆ చెయ్యి పందొమ్మిదిన్నర అవుతుంది, జాన ఆరున్నర అవుతుంది. ఆ రోజు ఆ గిటార్ దాని ఒళ్లో కుదురుగా కూర్చుంటుంది. అప్పుడు మీరందరూ వరసగా నిలబడి నేను కరెక్టని ఒప్పుకోవాలి. నాకు డెబ్బై ఎనిమిది. నిన్నటిదాకా ఇంకో మూడేళ్లతో నాకు పెద్ద పని లేదు. ఇప్పుడు ఉంది.

అన్నయ్య

జూలై 7

అన్నయ్యా,

ఉంచుకో. కానీ తీగలు బిగించి అలాగే పడేస్తే మూడేళ్లలో మెడ వంగిపోతుంది. తీగ బిగించే ఒక్కో మరని మూడు చుట్లు సడలించు. నీకు చేతకాదు, మిడతనడుగు, ఈపాటికి నేర్చుకునే ఉంటుంది.

నీలం కోటు మూడో ఏడాదికి సరిపోయింది. ఆ మాట నీకు రాయాలనుకున్నాను, అప్పుడు మనం మాట్లాడుకోవట్లేదు.

అర సైజుదాని మెడ ఎలా నిలబడిందో కళ్లారా చూసుకోవాలి. వచ్చే నెల మొదటివారంలో వస్తున్నాను, నాలుగు రోజులుంటాను. పిల్ల చెయ్యి అప్పటికి ఎంతయిందో కూడా చూస్తాను. టేపు నేను తెచ్చుకుంటాను.

నీ చెల్లెలు